అంగుళాల హోల్డరు, మిల్లీమీటర్ల బోల్టు

కుట్టుమిషన్లు బాగుచేసే ఇల్లెక్కడని ఎవరైనా అడిగితే, ఆ వీధిలోవాళ్లు దారి చెప్పి ఊరుకోరు. "ముందు మేమే విప్పి చూశామని మాత్రం ఆవిడతో అనకండి" అని ఒక ముక్క చెవిన వేసి మరీ పంపిస్తారు. ఎందుకంటే ఎవరు మిషను తెచ్చినా మిషనక్క మొట్టమొదట చూసేది స్క్రూల తలలనే. చెంచా కాడతోనో, కూరగాయల కత్తితోనో తిప్పి గాట్లు పెట్టిన స్క్రూ ఒక్కటి కంటపడిందంటే, తెచ్చినవాళ్లకి ఆ పూట మూడినట్టే.

పని వాళ్ల నాన్న దగ్గర నేర్చుకుంది. ముందుగదిలో గోడ పొడుగునా ఆయన పేర్చిన రేకు డబ్బాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కో రకం స్క్రూకి ఒక్కో డబ్బా. చూడ్డానికి అన్నీ అక్కచెల్లెళ్లలా ఉంటాయి కానీ ఒకదాని మర, అంటే ఒంటి చుట్టూ తిరిగే గాడి, ఇంకొకదానికి పట్టదు. బలవంతాన తిప్పితే రెండు చుట్లు వెళ్లి, ఆ పైన మిషను ఒంట్లో ఉన్న మరని కూడా తినేస్తుంది. నాన్న ఈ సంగతి నవ్వుతూ చెప్పేవాడు. ఆయన పోయాక, ఇంట్లో మగవాళ్లెవరూ లేరా అని తొంగిచూసి వెళ్లిపోయే బేరాలు చూసీ చూసీ, మిషనక్క నవ్వడం మానేసి కసురుకోవడం మొదలుపెట్టింది. కసిరినా జనం వచ్చారు. ఆవిడ చేతిలో పడ్డ మిషను మళ్లీ తొందరగా మూలన పడదని తెలిసింది కాబట్టి.

ఆవిడ మొగుడు కూడా ఆ గుమ్మంలోకి అలా మిషను పట్టుకుని వచ్చినవాడే. తల్లి మిషను తెచ్చాడు. కుర్చీలో కూర్చుని, కుడికాలు కర్రలా ముందుకి చాపుకున్నాడు. చిన్నప్పుడు పోలియో వచ్చిన కాలది. మిషనులో తప్పుడు స్క్రూ బిగించి ఉంది. ఇది ఏ మహానుభావుడి పనని ఆవిడ విరుచుకుపడితే, నాదేనండి అని ఒప్పుకుని, మరి సరైనది ఏ డబ్బాలో ఉంటుంది అని ఆసక్తిగా అడిగాడు. అలా అడిగినవాడు అంతకుముందు ఎవడూ లేడు. తర్వాత బాగున్న మిషనుకి కూడా ఏదో ఒక రోగం అంటగట్టి నాలుగైదుసార్లు వచ్చాడు. పెళ్లయింది.

ఆయన గ్రంథాలయంలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే ఉద్యోగి. బస్సు ఆగకుండా పోయినా, ఎవడైనా కాలు తొక్కి వెళ్లినా ఆయన నోట వచ్చేది ఒకటే మాట: పోనీలే. ఆ మాట వింటే ఆవిడకి ఒళ్లు మండేది. ఇద్దరి వాటా కోపం నేనొక్కదాన్నే పడాల్సి వస్తోందని చుట్టుపక్కల వాళ్లతో అనేది.

ఆయన కాలికి తొడ దగ్గర్నుంచి బూటు దాకా ఇనుప చట్రం ఉంటుంది. అటూ ఇటూ రెండు ఉక్కు బద్దలు, వాటిని పట్టి ఉంచే తోలు పట్టీలు, మోకాలి దగ్గర కీలు. లేచి నిలబడగానే ఆ కీలు మీదకి ఒక ఉక్కు తొడుగు జారి కాలు మడత పడకుండా పట్టేస్తుంది. కూర్చోవాలంటే తొడుగు పైకి లాగాలి. ఏళ్ల తరబడి వాడగా ఆ కీలు అరిగిపోయింది. ఒకరోజు గ్రంథాలయం మెట్ల మీద తొడుగు పట్టు వదిలేసి, ఆయన మోకాలు మడతపడి, చేతిలో పుస్తకాలతో సహా కిందకి దొర్లాడు. ఎముకలు విరగలేదు. పోనీలే అన్నాడు.

చట్రాలు చేసిచ్చే ఆస్పత్రి వర్క్‌షాపుకి వెళితే, ఇనుపవి ఇప్పుడు చెయ్యడం లేదన్నారు. ప్లాస్టిక్ తొడుగు ఇచ్చారు. తేలిగ్గా ఉంది, చూడ్డానికి బాగుంది. కానీ ఉక్కపోతకి లోపల చెమట పట్టి, తొడ మీద అరచేతి మేర పుండు పడింది. అది మానేదాకా ఆయన కర్ర పట్టుకుని ఇల్లంతా గెంతుతూ తిరిగాడు. ఆ గెంతడం చూళ్లేక మిషనక్క పాత చట్రం ఊడదీసి, కీలు విప్పి, బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూసింది. రెండు పక్కలకీ రెండు కీళ్లు. ఒక్కొక్కదానికి రెండు ఉక్కు ముక్కలు, ఒక గాడి, ఒక కన్నం. దీనికోసం మనిషి కుంటాలా అనుకుంది.

బొమ్మ రైలింజన్లు చేసుకునే పెద్దాయన ఒకాయన చూపు మందగించి ఉక్కుని చెక్కే తన చిన్న మిల్లింగ్ మెషిను అమ్ముతున్నాడని తెలిసి, వెళ్లి తెచ్చుకుంది. ఇంట్లో పెట్టుకోదగ్గదే అయినా బరువు మాత్రం ఏనుగంత. బట్టలుతుకునే వెనకగది తలుపు ఊడదీస్తే గానీ లోపలికి రాలేదు. పెద్దాయన దగ్గరుండి అంతా చూపించాడు. మెషిను తలకాయలో పైకి పోను పోను సన్నబడే ఒక కోసు కన్నం ఉంటుంది. ఉక్కుని కోసే కట్టర్ని పట్టుకునే హోల్డరు అందులోకి దూరి కూర్చుంటుంది. పైనుంచి ఒక పొడుగాటి బోల్టు దిగి, హోల్డరు నెత్తిన ఉన్న మరలోకి ఎక్కి, దాన్ని పైకి లాగి పట్టి ఉంచుతుంది. మెషిను తిరుగుతున్నంతసేపూ హోల్డరు జారకుండా కాపాడేది ఆ బోల్టే. పాత హోల్డరు అరిగిపోయింది, కొత్తది కొనుక్కో అమ్మా, కొనేటప్పుడు బోల్టు తీసుకెళ్లి పెట్టి చూసి మరీ కొనుక్కో అని రెండుసార్లు చెప్పాడాయన.

మిషనక్క ఆ మాటే తన మరిదికి నాలుగుసార్లు చెప్పింది.

మరిది సరుకుల వ్యాను నడుపుతాడు. మంచివాడు. ఎవరు ఏ పని చెప్పినా కాదనడు. ఏ పనైనా సరే, ఐపోతుందిలే అంటాడు. అందుకే చుట్టాలందరూ అతన్ని ఐపోతుందిలే అనే పిలుస్తారు. పనిముట్ల దుకాణం అతను రోజూ వెళ్లే దారిలోనే ఉంది. ఆవిడ బోల్టునీ పాత హోల్డర్నీ గుడ్డ సంచిలో వేసి చేతికిచ్చి, ఇవి చూపించి, పెట్టి చూసి, పట్టిందనుకున్నాకే తీసుకురా అంది. సాయంత్రానికి కొత్త హోల్డరు తెచ్చి, సంచితో సహా ఆవిడ చేతికిచ్చాడు. పెట్టి చూశావా అంటే, చూశాను వదినా అన్నాడు.

హోల్డరు కోసు కన్నంలో చక్కగా కూర్చుంది. పైనుంచి బోల్టు దింపి తిప్పితే మొదటి చుట్లు లొడలొడలాడుతూ వెళ్లాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి బిగుసుకుంది. మిషనక్క చెయ్యి అక్కడే ఆగింది. కొత్త మర లొడలొడలాడకూడదు. మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా, వెన్నలో దిగినట్టు దిగాలి. దుకాణానికి ఫోను చేసింది. అవతల దుకాణదారు, కొత్త సరుకు కదమ్మా, మొదట్లో అలాగే ఉంటుంది, నాలుగుసార్లు వాడితే సర్దుకుంటుంది అన్నాడు. మర సైజు అదేనా అని అడిగితే, ఇలాంటి మెషిన్లన్నిటికీ అదే ఇస్తున్నాం, ఇంతవరకూ ఒక్కరూ వెనక్కి తేలేదు అన్నాడు.

గుమ్మం దగ్గర మొగుడు కర్ర మీద వాలి నిలబడి ఉన్నాడు. మళ్లీ గ్రంథాలయానికి ఎప్పుడు వెళతానా అని ఆయన అడగలేదు. అడగకపోయినా ఆవిడకి వినబడింది. పానా పెట్టి బోల్టుని ఇంకో పట్టు బిగించి, మెషిను ఆన్ చేసింది.

మొదటి ముక్క బాగా వచ్చింది. ఉక్కు రజను మెరుస్తూ పక్కకి రాలుతుంటే, మొగుడు కుర్చీ లాక్కుని గుమ్మంలో కూర్చుని, చిన్నపిల్లాడు బొమ్మ చూసినట్టు చూశాడు. రెండో ముక్కలో గాడి కొడుతుండగా మెషిను గొంతు మారింది. అప్పటిదాకా ఒక్క తీరుగా ఉన్న మోత గరగరమంది. మిషనక్క స్విచ్ మీదకి చెయ్యి చాపేలోపే బోల్టు మర తెగిపోయి, హోల్డరు కన్నంలోంచి జారి కిందకి దిగింది. కట్టర్ ఉక్కుముక్కని కరిచి పట్టుకుంది, ముక్క తనని బిగించి పట్టిన వైసులోంచి ఎగిరిపోయింది, కట్టర్ ఫట్‌మని విరిగింది. విరిగిన ముక్క ఎటు పోయిందో ఆవిడ చూడలేదు. వెనక్కి తిరిగేసరికి మొగుడు చెంప పట్టుకుని ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది.

ఆస్పత్రిలో కుట్లు వేసిన డాక్టరు, ఇంకాస్త పైన తగిలి ఉంటే కన్ను పోయేదని చెప్పాడు. మొగుడు కట్టు కిందనుంచే, "కన్ను ఉందిగా. పోనీలే" అన్నాడు. మిషనక్క పళ్లు పటపట కొరికింది. ఇంటికి వచ్చాక, మెషిను తలకాయలోంచి బోల్టు లాగి వెలుగులో పెట్టి చూసింది. చివర మర చుట్లన్నీ పిండి పిండి అయ్యాయి. నాన్న పేర్చిన డబ్బాల పక్కన పుట్టి పెరిగిన మనిషి, తప్పుడు స్క్రూ పెట్టినవాళ్లని ఇన్నేళ్లు ఉతికి ఆరేసిన మనిషి, తన చేత్తో తనే తప్పుడు మర బిగించింది. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియక ఆవిడకి ఆ రాత్రి కన్ను మూతపడలేదు.

మర్నాడు దుకాణం షట్టరు సగం లేచేసరికే ఆవిడ బయట నిలబడి ఉంది.

దుకాణం ఇరుగ్గా, రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. రెండు గోడలకీ కన్నాలు వేసే బిట్లు, రంపపు బ్లేళ్లు, పానాలు వేలాడుతుంటాయి. గాజు బల్ల వెనక దుకాణదారు, కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టుకుని కూర్చుంటాడు. మిషనక్క విరిగిన కట్టర్నీ, నలిగిన బోల్టునీ, హోల్డర్నీ బల్ల మీద వరసగా పెట్టి, జరిగిందంతా చెప్పింది. ఆయన హోల్డర్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, కోసు బాగానే ఉంది కదా, మీరే సరిగ్గా బిగించి ఉండరు, ఆడవాళ్లు చేసే పనా ఇది అన్నాడు.

ఆ చివరి ముక్క అనకుండా ఉండాల్సింది. మిషనక్క చెయ్యి చాపి, గాజు బల్ల మీద అమ్మకానికి పెట్టిన, మరలు కొలిచే గేజి తీసింది. విసనకర్రలా విచ్చుకునే రేకులు, ఒక్కో రేకుకి ఒక్కో కొలత పళ్లు. బోల్టు మెడ దగ్గర చెడకుండా మిగిలిన మర మీద ఒక రేకు ఆనించింది. పన్నెండు మిల్లీమీటర్ల మర. పళ్లు అచ్చంగా కూర్చున్నాయి. అదే రేకుని హోల్డరు కన్నంలో పెడితే కూర్చోలేదు. అంగుళాల వైపు రేకు తీసి పెడితే కూర్చుంది. అది అరంగుళం మర. పన్నెండు మిల్లీమీటర్ల కంటే అరంగుళం పిసరంత లావు. ఆ పిసరులోనే బోల్టు లొడలొడలాడింది. చుట్ల మధ్య ఎడం కూడా వేరు కాబట్టి, నాలుగు చుట్లు వెళ్లేసరికి ఒకదాన్నొకటి తొక్కుకుని బిగుసుకుంది. బిగిసిందని ఆవిడ అనుకున్నది బిగింపు కాదు, ఇరుకు.

దుకాణదారు కళ్లద్దాలు కిందకి దించుకుని చూశాడు. చూసి, అయితే తప్పు నాది కాదన్నాడు. మీ మరిదిని అడిగాను, అంగుళాలా మిల్లీమీటర్లా అని. ఏదైనా పర్వాలేదు, ఐపోతుందిలే అన్నాడు. సంచీ తేలేదు, బోల్టూ చూపించలేదు. చేతిలో ఉన్నది ఇచ్చాను.

ఆ మాట మిషనక్కకి చెంప మీద కొట్టినట్టయింది. కానీ ఆవిడ దాన్ని తర్వాతకి దాచిపెట్టుకుంది. మరి నేను ఫోను చేసి అడిగినప్పుడు అన్నిటికీ ఒకటే అన్నారు కదా అంది. అలా అంటాం అమ్మా, అందరూ సర్దుకుంటారు, నాకిక్కడ వంద పనులు అని ఆయన మొహం తిప్పుకున్నాడు. వాడేశారు కాబట్టి వెనక్కి తీసుకోవడం కుదరదని కూడా అన్నాడు.

"వెనక్కి తీసుకోమని నేను అడగలేదు" అంది మిషనక్క. మూలన ఉన్న స్టూలు లాక్కుని, దారికి అడ్డంగా కాకుండా, కానీ వచ్చినవాళ్లందరికీ కనబడేలా కూర్చుంది.

వచ్చిన ప్రతి మనిషినీ ఆవిడ ఒకటే అడిగింది: ఏం కొంటున్నారు, దేనికి? నీళ్ల పంపులు బాగుచేసే ఆయన రంపపు బ్లేళ్లు కొనుక్కుని, ఈవిడకేమైందని వింతగా చూస్తూ వెళ్లాడు. తాళంచెవులు చేసే ఆయన హోల్డరు అడిగాడు. మీ మెషిను బోల్టు అంగుళాలదా మిల్లీమీటర్లదా అని ఆవిడ అడిగితే, తెలీదన్నాడు. తెలుసుకుని రండి అంది. ఆయన వెళ్లిపోయాడు. దుకాణదారు గొణగడం మొదలుపెట్టాడు. ఇది దుకాణమా, నీ ఇల్లా అన్నాడు. పోలీసుల్ని పిలుస్తానన్నాడు. పిలవండి, ఫోను కావాలంటే నాది ఇస్తాను, వాళ్లకి కూడా ఈ గేజి పెట్టి చూపిస్తాను అంది ఆవిడ. పొద్దెక్కే కొద్దీ ఆయన మొహం మాడిపోయింది. ఆవిడ గొంతు మాత్రం ఒక్కసారి కూడా లేవలేదు. వీధిలో ఆవిడ కేకలు ఎరిగినవాళ్లెవరైనా ఆ రోజు చూసి ఉంటే ఇంకా ఎక్కువ భయపడేవాళ్లు.

మధ్యాహ్నం బట్టల మీద అద్దే చెక్క అచ్చులు చేసే ఆయన వచ్చాడు. ఆయనకీ ఇంట్లో ఇలాంటి చిన్న మెషినే ఉంది. హోల్డరు ముందే చెప్పి పెట్టినట్టున్నాడు, దుకాణదారు కట్టి ఉంచిన పొట్లం చేతికిచ్చాడు. మిషనక్క అడిగింది. ఆయన సంచీలో బోల్టు ఉంది, తుప్పు వదిలించడానికి తెచ్చాడు. ఆవిడ పొట్లం విప్పి, దుకాణదారు వద్దు వద్దంటుండగానే బోల్టు పెట్టి తిప్పింది. లొడలొడలాడుతూ వెళ్లింది. ఉన్నట్టుండి బిగుసుకుంది.

"చూశారా, పట్టింది" అన్నాడు దుకాణదారు.

మిషనక్క బల్ల మీద విరిగిన కట్టర్ని అచ్చులాయన ముందుకి జరిపి, దీని రెండో ముక్క మా ఆయన చెంపలోంచి తీశారు అంది. ఆయన ఆ ముక్కని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. మెషిను తను నడపడట, చెల్లెలు నడుపుతుందట. సన్నటి గీతలు కనబడవని మొహం దగ్గరగా పెట్టి చూస్తూ పనిచేస్తుందట. ఈ సంగతి చెప్పి, ఆయన ఒక్కసారిగా దుకాణదారు మీద విరుచుకుపడ్డాడు. ఇద్దరి గొంతులూ బయటికి వినబడి, దారిన పోయేవాళ్లు గుమ్మంలో గుమిగూడారు.

దుకాణదారు ఓపిక అక్కడితో అయిపోయింది. "బోల్టు మార్చుకుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతమా" అంటూ వంగి, బల్ల కింద పెట్టెలోంచి తీగతో కట్టిన కట్ట ఒకటి తీసి ధడేల్మని పడేశాడు. పొడుగాటి బోల్టులు. అన్నీ అరంగుళం మరవి. హోల్డరుతో పాటు ఆ బోల్టు ఒకటి ఇస్తే చాలు, ఎక్కడి తగాదా అక్కడే తీరిపోయేది.

మిషనక్క కట్టలోంచి ఒక బోల్టు లాగి చూసింది. "ఇవి మొన్న కూడా ఇక్కడే ఉన్నాయా?"

"ఎప్పుడూ ఉంటాయి. ఎవరూ అడగరు."

"అడగడానికి తెలియాలి కదా" అంది ఆవిడ. అప్పటిదాకా మీరు మీరు అని పిలిచిన నోటితోనే నువ్వులోకి దిగింది: "తెలిసినవాడివి నువ్వు. ఫోనులో నేను అడిగాను. ఆ పూట ఈ కట్ట నీ కాళ్ల దగ్గరే ఉంది. ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు నీకు."

దుకాణదారు బోల్టుల కట్టని పక్కకి జరిపాడు. గుమ్మంలో ఉన్న జనం ఆయనవైపే చూస్తున్నారు. అందులో ఇద్దరు ముగ్గురు ఆయన బేరాలే. చివరికి, ఏం చెయ్యమంటారమ్మా అన్నాడు. అలమర నిండా ఉన్న హోల్డర్లన్నీ దింపించింది ఆవిడ. ఒక్కోదాని కన్నంలో గేజి పెట్టి చూడటం, అంగుళాలదైతే ఎర్రరంగు చుక్క, మిల్లీమీటర్లదైతే తెల్లది. డబ్బా మీద కంపెనీవాళ్లు అచ్చేసిన కొలత చాలావాటికి ఉంది. దాని మీదే ఈయన తన దుకాణం చీటీ అంటించుకున్నాడు. అది బయటపడ్డప్పుడు మిషనక్క గొంతు లేపకుండానే తిట్టిన తిట్టుకి అచ్చులాయన కూడా తల దించుకున్నాడు. సాయంత్రానికి చుక్కలు పెట్టడం అయింది. సగం ఆవిడే పెట్టింది. దుకాణదారు టీ తెప్పించాడు. ఆవిడ ముట్టుకోలేదు. తన హోల్డర్నీ అరంగుళం బోల్టునీ తీసుకుని, బోల్టుకీ కొత్త కట్టర్‌కీ అయిన డబ్బు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది.

ఇంట్లో మరిది అన్న మంచం పక్కన పళ్లు ఒలిచి పెడుతూ కూర్చుని ఉన్నాడు. వదిన మొహం చూడగానే చేతిలో పండు కింద పెట్టేశాడు. మిషనక్క ఒకే ఒక్క మాట అడిగింది, దుకాణంలోకి వెళ్లినప్పుడు సంచీ ఎక్కడుందని. వ్యానులోనే ఉండిపోయిందన్నాడు. ఆ రోజు సరుకు దింపే హడావిడిలో మర్చిపోయానని, మళ్లీ వెనక్కి వెళ్లడానికి బద్ధకించానని, పెట్టి చూశావా అని నువ్వు అడిగితే లేదంటే తిడతావని అబద్ధమాడానని, ఒక్కొక్కటే నసుగుతూ చెప్పాడు.

"తిట్టేదాన్నే" అంది ఆవిడ. "తిట్టి మళ్లీ పంపించేదాన్ని. నా తిట్టు ఖరీదు మీ అన్న కంటి చూపా?"

మరిది కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచం మీదనుంచి మొగుడు చెయ్యి చాపి తమ్ముడి భుజం మీద వేసి, వాడు కావాలని చేశాడా, పోనీలే అన్నాడు. దాంతో రోజంతా అణిచిపెట్టుకున్నదంతా కట్టలు తెంచుకుంది. మెట్ల మీదనుంచి దొర్లితే పోనీలే, పుండు పడితే పోనీలే, కన్ను పోబోతే పోనీలే, మీకసలు చీమూ నెత్తురూ ఉన్నాయా అని మిషనక్క గోడలు అదిరేలా అరిచింది. మీ అన్నదమ్ములిద్దరూ ఒకటే, ఒకడు ఐపోతుందిలే, ఇంకొకడు పోనీలే, మధ్యలో నేను చస్తున్నాను అంది.

మొగుడు ఆవిడ ఆగేదాకా ఆగాడు. తర్వాత చాలా మెల్లిగా మాట్లాడాడు. ఆయన గొంతు అలా ఉండగా ఆవిడ ఎన్నడూ వినలేదు.

"బోల్టు తిప్పుతుంటే నీ చెయ్యి ఆగింది. నేను చూశాను. నీకు అక్కడే తెలిసింది."

ఆవిడ వంగి, మరిది ఒలిచి పడేసిన పళ్ల తొక్కలు ఏరడం మొదలుపెట్టింది.

"దుకాణంవాడికి తెలుసు, చెప్పలేదు. వీడు చూడలేదు, చూశానన్నాడు. నీ చేతికి తెలిసింది, నువ్వు ఆగలేదు. నా కోసమే తొందరపడ్డావు. నేను తొందర పడమన్నానా? ఒక్కసారైనా అడిగావా నన్ను? కాలు నాది. పుండు పడితే నీకు కోపం, పడిపోతే నీకు కోపం. నాకు కోపం తెచ్చుకునే సందు ఎక్కడ మిగిల్చావు? నేను పోనీలే అనకపోతే ఈ ఇంట్లో రోజూ రెండు మంటలు మండాలి."

ఇలా అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మరిది చప్పుడు చెయ్యకుండా లేచి వెళ్లిపోయాడు. మిషనక్క ముందుగదిలోకి వచ్చి, ఎవరిదో మిషను ముందేసుకుని కూర్చుంది కానీ ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. ఆయన అన్నదాంట్లో తప్పులేదని తెలుసు. తెలిసినందుకు ఇంకా మండింది. ఒప్పుకోవడం ఆవిడకి చేతకాదు. వాళ్లిద్దరూ కొన్నాళ్లు అవసరానికి మించి మాట్లాడుకోలేదు.

ఆ కొన్నాళ్లలోనే ఆవిడ కీళ్లు చేసింది. హోల్డరు గట్టి ఉక్కుది కాబట్టి దాని మర చెడలేదు; అరంగుళం బోల్టు అందులోకి మొదటి చుట్టునుంచి చివరి చుట్టుదాకా ఒకే తీరుగా దిగింది. అయినా సరే, దింపి, బయటికి తీసి, మళ్లీ దింపి చూసుకుంది. మెషిను నడిచేటప్పుడు ఎవర్నీ ఆ దరిదాపులకి రానివ్వలేదు, తన మొహానికి అడ్డం పెట్టుకునే పలక కొనుక్కుంది. ఒక ముక్క గాడి వంకరగా వచ్చిందని పారేసింది. ఇంకొకటి కాస్త వదులైందని అదీ పారేసింది. మొగుడు వెనకగదివైపు తిరిగి చూడలేదు. కానీ ఒక మధ్యాహ్నం, తలుపు అవతలనుంచి, మోకాలి దగ్గర లోపలివైపు అంచు గుండ్రం చెయ్యమని, పాతది అక్కడ గీరుకునేదని చెప్పాడు. ఇన్నేళ్లూ ఆ సంగతి ఎందుకు చెప్పలేదన్న మాట ఆవిడ నాలిక చివరిదాకా వచ్చింది. ఆపుకుని, ఎంత గుండ్రం అని అడిగింది. ఆయన కర్ర ఊతంగా గుమ్మం దాకా వచ్చి, వేలితో చూపించాడు. కన్నం ఎక్కడుండాలో, తొడుగు ఎంత బరువుగా జారాలో కూడా చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆయన గొంతులో కరుకుదనం పెరిగింది. ఆ చట్రంతో పడ్డ పాట్లన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఆవిడ నోరు మూసుకుని వింది. వినడం ఎంత కష్టమో ఆవిడకి అప్పుడు తెలిసింది.

చట్రం కట్టుకుని లేచి నిలబడ్డ రోజున తొడుగు టక్కున జారి కీలుని పట్టేసింది. ఆయన గోడ పట్టుకోకుండా ముందుగది దాకా నడిచి, వెనక్కి నడిచాడు. బాగుందా అని ఆవిడ అడిగితే, ఎడమవైపు ఇంకా పిసరు గట్టిగా ఉందన్నాడు. పోనీలే అనలేదు. ఆవిడ మళ్లీ విప్పి, ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది పెట్టింది.

మర్నాడు ఆయన గ్రంథాలయానికి వెళ్లలేదు. వర్క్‌షాపుకి వెళుతున్నానన్నాడు. ఆవిడ చెప్పులు తొడుక్కుంటే, రావచ్చు కానీ అక్కడ నువ్వు నోరు విప్పకూడదు అన్నాడు.

వర్క్‌షాపు వరండాలో బల్ల మీద ఐదారుగురు కూర్చుని ఉన్నారు. ఒకావిడ ప్లాస్టిక్ తొడుగు విప్పి, తొడ మీద పుండుకి గుడ్డ కట్టుకుంటోంది. మొగుడు లోపలికి వెళ్లి, పనివాడి బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఇనుప కీళ్లు ఎందుకు ఆపేశారని అడిగాడు. పైనుంచి ఆర్డరన్నాడు పనివాడు. పైన ఎవరని అడిగాడు. మీరు వెళ్లి రాసుకోండి, వాళ్లు ఎప్పటికో చూస్తారు అన్నాడు పనివాడు. అప్పుడు మొగుడు గొంతు లేచింది. చెంప మీద కుట్ల గుర్తు ఇంకా ఎర్రగానే ఉంది. నడవడానికి మీ దగ్గరికి వస్తే పడుకోబెడుతున్నారు, బయట ఆవిడ తొడ ఒకసారి వచ్చి చూడు, చూసి అప్పుడు చెప్పు ఆర్డరు సంగతి అన్నాడు. వరండాలో ఉన్నవాళ్లంతా లేచి తలుపు దగ్గరికి వచ్చారు. మిషనక్క అందరికంటే వెనక, చీర కొంగు పిడికిట్లో బిగించి నిలబడింది. ఎక్కడ ఏ మాట అందించాలో ఆవిడకి తెలుస్తూనే ఉంది. ఒక్కటీ అందించలేదు.

పనివాడు వచ్చి పుండు చూశాడు. మొహం దించుకుని, నేనూ చెప్పానండి, నా మాట ఎవరు వింటారు అన్నాడు. అయితే మా అందరి మాటా కలిపి చెబుదాం పద అని, మొగుడు అతన్ని వెంటబెట్టుకుని పై అంతస్తుకి మెట్లెక్కాడు. వెనకే కర్రలవాళ్లు, చట్రాలవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఎక్కారు. పైన పెద్ద గొడవే అయింది. ఇనుప కీళ్లు మళ్లీ తెప్పిస్తామని పై అధికారి ఒప్పుకోలేదు. ప్లాస్టిక్ పడనివాళ్ల పాత చట్రాలకి మరమ్మతు చెయ్యడానికి మాత్రం ఒప్పుకున్నాడు, అది కూడా విసుక్కుంటూ. మొగుడు కిందకి దిగేసరికి చెమటతో చొక్కా తడిసిపోయి ఉంది.

"సగమే ఒప్పుకున్నాడు వెధవ" అన్నాడు ఆవిడతో. "వచ్చేవారం మళ్లీ వస్తాను."

బస్సులో ఇద్దరూ నిలబడే వచ్చారు. ఆయన దారిపొడుగునా ఆ అధికారిని తిడుతూనే ఉన్నాడు. మిషనక్క ఊ కొడుతూ వింది.